కాకువు

"నేను చెప్పలేదు" అంటే తప్పించుకోవడం. "నేను చెప్పలేదూ!" అంటే ముందే చెప్పానుగా అని దెప్పడం. చివరి ఉకారం కాస్త సాగితే చాలు, లేదన్నది ఉన్నదైపోతుంది. గొంతు చేసే ఈ పనికి మన పూర్వులు పెట్టిన పేరు కాకువు. శోకం, భయం లాంటివాటి వల్ల కంఠధ్వనిలో వచ్చే మార్పు అని అమరకోశం దానికి అర్థం చెప్పింది. ఆలంకారికులు ఇంకాస్త ముందుకెళ్ళి, ఆ మార్పు వల్ల అర్థమే ఎలా తిరగబడుతుందో చూపించారు.

భట్టనారాయణుడి 'వేణీసంహారం' మొదటి అంకంలో, ధర్మరాజు ఐదూళ్ళకు సంధి చేసుకోబోతున్నాడని విని భీముడు మండిపడతాడు. కౌరవుల్ని చంపను, సుయోధనుడి తొడలు విరగ్గొట్టను అంటాడు. కాగితం మీద చూస్తే అంతటి శాంతమూర్తి ఇంకొకడు లేడు. నటుడు గొంతెత్తితే గానీ "చంపకపోతానా?" అన్న అసలు మాట బయటికి రాదు. కాకువు వల్ల స్ఫురించే అర్థానికి మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో ఈ శ్లోకాన్నే ఉదాహరణగా చూపాడు.

మరి కాకువు ఉండేది ఎక్కడ? రాతలోనా, చదవడంలోనా? ఆలంకారికుడు రుద్రటుడు కాకువక్రోక్తిని, అంటే గొంతు మార్పుతో అర్థం తిరిగే మాటను, శబ్దాలంకారాల్లో చేర్చాడు. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో అందుకు ఒప్పుకోలేదు. అది పాఠధర్మం, అంటే చదివే తీరుకు సంబంధించిన గుణం, అలంకారం ఎలా అవుతుందని నిలదీశాడు. వెయ్యేళ్ళు దాటిన ఆ తగువు ఇవాళ మన ఫోన్లలో నడుస్తోంది.

"ఈ సంక్రాంతికి అత్తగారింటికి వెళ్తున్నాం" అని తమ్ముడు కుటుంబం గ్రూపులో పెడతాడు. "సంతోషం" అని అక్క జవాబు. పొయ్యి మీద కూర కలుపుతూ, ఖాళీగా ఉన్న చేత్తో మనసారానే కొట్టి ఉండొచ్చు. మరదలికి మాత్రం అందులో పెదవి విరుపు వినిపించింది. పండగ అయిపోయినా మాటలు లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళ సంగతి ఇంకా ఇబ్బంది. అక్కడ "చెప్పలేదు", "చెప్పలేదూ" రెండూ ఒకేలా ఉంటాయి. కాకువును కాస్తో కూస్తో పట్టి ఉంచిన ఆ ఒక్క దీర్ఘమూ పోయింది.

నవ్వు బొమ్మ పుట్టింది ఈ లోటు పూడ్చడానికే. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, లిఫ్టులో పాదరసం ఒలికిందన్న ఒక పరాచికాన్ని కొందరు నిజం హెచ్చరిక అనుకున్నారు. దాంతో సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్, హాస్యమని తెలియడానికి రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్ కలిపి వాడదామన్నాడు. ఇప్పుడు బొమ్మలకు కొదవ లేదు, అపార్థాలకూ కొదవ లేదు. చేతులు జోడించిన బొమ్మ పెడితే అది నమస్కారమా, "నీకో దండం, ఇక చాలు" అనడమా? తేల్చుకోవడానికి మళ్ళీ కాకువే కావాలి.

క్రూగర్, ఎప్లీ తదితర పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఈమెయిలు రాసినవాళ్ళు తమ వెటకారం అవతలివాళ్ళకు ఇట్టే తెలిసిపోతుందని నమ్మారు. చదివినవాళ్ళు పోల్చుకున్నది బొమ్మా బొరుసూ వేసిన దానికంటే ఏమంత మెరుగ్గా లేదు. రాస్తున్నంతసేపూ రాసేవాడికి తన గొంతు వినబడుతూనే ఉంటుంది. అక్షరాలతో పాటు అది వెళ్ళలేదన్న సంగతి తట్టదు.

అందుకే నా ఓటు రాజశేఖరుడికే. మరదలికి వినిపించిన పెదవి విరుపు అక్కది కాదు, ఆ మాటకు మరదలు అరువిచ్చిన గొంతుది. ఈసారి ఏదైనా మాట గుచ్చుకుంటే, బదులు కొట్టేముందు దాన్నే ఒకసారి ప్రేమగా పైకి చదివి చూడండి. అలా కూడా కుదిరిందా, ఇక కోపగించుకునే హక్కు మనకు లేదు. కుదరకపోతే ఫోన్ చేసి అడగండి.