కలుగు ముందు వేటగాడు: బగ్స్ బనీ లఘుచిత్రాల్లో యుక్తి, న్యాయం (1938–1964)

వ్యాససంగ్రహం

అమెరికాలో వార్నర్ బ్రదర్స్ సంస్థ 1938–1964 మధ్య విడుదల చేసిన యానిమేషన్ లఘుచిత్రాల్లో బగ్స్ బనీ అనే కుందేలు చేసే అల్లరిని ప్రేక్షకుడు ఎందుకు సమర్థిస్తాడు అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. తొలి చిత్రాల్లో కారణం లేని ఆకతాయితనంగా కనిపించిన పాత్ర 1940 తర్వాత ఒక కథానియమానికి లోబడింది. కయ్యానికి ముందుగా కాలుదువ్వేవాడు ఎదుటివాడై ఉండాలన్నదే ఆ నియమం. అది స్థిరపడిన క్రమాన్ని, భంగపడిన సందర్భాలను చిత్రాల ఆధారంగా ఇక్కడ చర్చించడం జరిగింది.

కీలకపదాలు: బగ్స్ బనీ, యానిమేషన్ చరిత్ర, ట్రిక్‌స్టర్, హాస్యం, జానపద కథ, యుద్ధకాల ప్రచారం.

1. ప్రవేశిక

జానపద విజ్ఞానంలో 'ట్రిక్‌స్టర్' అని వ్యవహరించే పాత్రకు తెలుగులో పెట్టదగిన మాటలు కొన్ని ఉన్నా, ఏదీ పూర్తిగా అతకదు. 'జిత్తులమారి' అంటే విచారణకు ముందే తీర్పు చెప్పినట్లవుతుంది. ఆ మాట వినగానే మనకు నక్క స్ఫురిస్తుంది. 'యుక్తిపరుడు' అంటే మెచ్చుకోలు ముందుకు వచ్చి, ఆ పాత్రలోని ఆకతాయితనం మరుగున పడుతుంది. పాల్ రాడిన్ 1956లో ప్రచురించిన 'ది ట్రిక్‌స్టర్' గ్రంథంలో, ఉత్తర అమెరికా మూలవాసులైన విన్నెబాగో ప్రజల కథల ఆధారంగా, ఈ పాత్ర సృష్టించేదీ ధ్వంసం చేసేదీ తానే, మోసగించేదీ మోసపోయేదీ తానే అని నిరూపించాడు. ఆ గ్రంథంలోనే కుందేటి కథాచక్రం ఒకటి ఉండటం ప్రస్తుత విషయానికి ఉపయోగపడే అంశం.

తెలుగు పాఠకుడికి కుందేటి యుక్తి కొత్తది కాదు. పంచతంత్రం మిత్రభేదంలో సింహానికి బావినీటిలో దాని నీడనే శత్రువుగా చూపి దూకించినది కుందేలు. కాకోలూకీయంలో కొలనులోని చంద్రబింబాన్ని చూపి ఏనుగుల మందను మళ్ళించినదీ కుందేలే. రెండు కథల్లోనూ అబద్ధం ఉంది, వంచన ఉంది. అయినా చదువరి మనసు కుందేటి పక్షానే నిలుస్తుంది. సింహం రోజుకొక జంతువును తింటున్నది. ఏనుగుల కాళ్ళ కింద కుందేళ్ళు నలిగిపోతున్నవి. బగ్స్ బనీ చిత్రాలకు పంచతంత్రం మూలమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. బలహీనుడి వంచనను శ్రోత ఏ షరతు మీద క్షమిస్తాడో ఆ కథలు తేటగా చూపుతాయి. ఆ షరతు హాలీవుడ్ స్టూడియోలో పనిచేసిన చిత్రకారులకు ఒక్కనాటి ఆలోచనతో దొరకలేదు. దానికి రెండేళ్ళకు పైగా పట్టింది.

2. కారణం లేని అల్లరి (1938–1940)

1938 ఏప్రిల్ 30న విడుదలైన 'పోర్కీస్ హేర్ హంట్' ఈ పరంపరకు ఆరంభం. నిర్మాత లియాన్ ష్లెసింగర్, దర్శకుడు బెన్ హార్డవే. అంతకు ముందు ఏడాది టెక్స్ ఏవరీ 'పోర్కీస్ డక్ హంట్'లో డాఫీ అనే వెర్రిబాతును ప్రవేశపెట్టాడు. హార్డవే చేసినది స్థూలంగా ఆ బాతుకు కుందేటి చర్మం తొడగడమే. ఈ తెల్ల కుందేలు గెంతుతుంది, వికటంగా నవ్వుతుంది, వేటగాణ్ణి ఊపిరి తిప్పుకోనివ్వదు. 1939లో వచ్చిన 'హేర్-అమ్ స్కేర్-అమ్' కోసం చార్లీ థోర్సన్ పాత్రను మళ్ళీ గీశాడు. హార్డవేకు 'బగ్స్' అన్న ముద్దుపేరు ఉండేది. అతని కుందేలు అన్న అర్థంలో ఆ నమూనా చిత్రం మీద 'బగ్స్' బనీ' అని రాశారు. షష్ఠీ విభక్తి రాలిపోయి అదే నామవాచకమైంది. 1941 జనవరిలో విడుదలైన 'ఎల్మర్స్ పెట్ రాబిట్'లో ఆ పేరు తొలిసారిగా తెరమీదికి ఎక్కింది.

ఈ కుందేలును సృష్టించినది ఎవరన్న వివాదం దశాబ్దాల పాటు సాగింది. హార్డవే, ఏవరీ, బాబ్ క్లాంపెట్, చక్ జోన్స్, ఫ్రిజ్ ఫ్రెలెంగ్‌లలో ఒక్కొక్కరికీ ఒక్కో పక్షం ఉంది. 'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు' అన్న మన సామెత ఇంత అక్షరాలా వర్తించే సందర్భం చరిత్రలో అరుదు. ఈ తగవు తీర్చడం కన్నా, ఎవరి చేతిలో పాత్ర స్వభావం మారిందని అడగడమే ప్రయోజనకరమని ఈ వ్యాసకర్త భావన.

తొలి చిత్రాలను నేడు చూస్తే నవ్వు కన్నా విసుగు ముందు వస్తుంది. 1940 మార్చిలో జోన్స్ తీసిన 'ఎల్మర్స్ కాండిడ్ కెమెరా'లో ఎల్మర్ తుపాకి కూడా పట్టలేదు. ప్రకృతి ఫొటోలు తీసుకోవడానికి కెమెరా పట్టుకొని వచ్చాడు. అతణ్ణి కుందేలు వేధించి మతి చలించేదాకా తెస్తుంది. ఆ వేధింపులో చూసేవాడికి పాలు లేదు. చివరికి జాలి ఎల్మర్ మీదికి పోతుంది.

3. 'ఎ వైల్డ్ హేర్' (1940)

1940 జూలై 27న విడుదలైన 'ఎ వైల్డ్ హేర్' నిడివి సుమారు ఎనిమిది నిమిషాలు. దర్శకుడు ఏవరీ, కథ రిచ్ హోగన్, పాత్ర రూపకల్పన బాబ్ గివెన్స్, కుందేటి గొంతు మెల్ బ్లాంక్, ఎల్మర్ గొంతు ఆర్థర్ క్యూ. బ్రయన్. ఆస్కార్ పురస్కారానికి నామినేషన్ పొందినా, ఆ బహుమతి ఎం.జి.ఎం. వారి 'ది మిల్కీ వే'కు దక్కింది.

కథ ఆరంభంలోనే వేటగాడు ఎల్మర్ తుపాకితో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు. కుందేటి కలుగు ముందు కారెట్టును ఎరగా పెడతాడు. లోపలినుంచి ఒక చెయ్యి మాత్రమే బయటికి వచ్చి తడుముతుంది. కారెట్టు తగులుతుంది, ఆ పైన తుపాకి గొట్టం తగులుతుంది. కుందేలు తెరమీద పూర్తిగా కనబడక ముందే ప్రేక్షకుడికి రెండు విషయాలు తెలిసిపోయాయి: ఇది దాని ఇల్లు, ఆ ఇంటి గుమ్మంలో చావు నిలబడి ఉంది. తరువాత మరో కన్నంలోంచి అది తాపీగా పైకి వచ్చి, కారెట్టు నములుతూ 'వాట్స్ అప్, డాక్?' అని అడుగుతుంది. తాను టెక్సస్‌లో చదువుకున్న రోజుల్లో కుర్రాళ్ళ మధ్య వాడుకలో ఉన్న పలకరింపునే వాడానని ఏవరీ చెప్పుకున్నాడు. ప్రాణం తీయడానికి వచ్చినవాణ్ణి ఇరుగుపొరుగువాడిలా పలకరించడంలోనే పాత్ర పుట్టింది. 1938 నాటి కుందేలు గెంతింది. ఇది కదలకుండా నిలుచుంది. పెరిగినది వేగం కాదు, నిబ్బరం. యానిమేషన్ వంటి చలనప్రధానమైన కళలో ఇది చిన్న మార్పు కాదు.

గొంతు గురించి ఒక మాట. బ్లాంక్ ఈ పాత్రకు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్, బ్రూక్లిన్ ప్రాంతాల యాసలను కలిపి వాడాడు. అడవి జంతువు నోట నగరవీధుల యాస! ఎదుట ఉన్న ఎల్మరేమో 'ర', 'ల' ధ్వనుల చోట 'వ' పలికే అమాయకుడు. తుపాకి ఒకరి చేతిలో ఉంటే మాట ఇంకొకరి చేతిలో ఉంది.

చివరి ఘట్టంలో కుందేలు తనను కాల్చడానికి ఎల్మర్‌కు తానే అవకాశం ఇస్తుంది. గుండు తగలకపోయినా తగిలినట్లు సుదీర్ఘమైన మరణాభినయం చేస్తుంది. హంతకుణ్ణయ్యానని ఎల్మర్ వెక్కివెక్కి ఏడుస్తాడు. వెంటనే వెనకనుంచి ఒక తాపు పడుతుంది. ఈ ఏడుపును గుర్తుంచుకోవలసి ఉంది. పదిహేడేళ్ళ తర్వాత మరొక చిత్రంలో ఇది తిరిగి వస్తుంది.

4. కలుగు అనే హక్కు

తన స్వీయచరిత్ర 'చక్ అమక్' (1989)లో జోన్స్ ఈ కుందేటి విషయంలో పాటించిన నియమాన్ని వివరించాడు. అది తన మానాన తాను బతుకుతుండాలి; ఎవరో వచ్చి రెచ్చగొడితేనే తిరగబడాలి. ఫ్రెలెంగ్ 1945లో 'హేర్ ట్రిగ్గర్' ద్వారా యోసెమిటీ శామ్‌ను ప్రవేశపెట్టడం వెనక కూడా ఈ లెక్క కనిపిస్తుంది. ఎల్మర్ మరీ మెతక. అతణ్ణి ఓడించడంలో గొప్ప లేదు. ప్రత్యర్థి ఎంత మూర్ఖబలవంతుడైతే కుందేటి యుక్తి అంత సమంజసమవుతుంది.

ఇక్కడ జంతుశాస్త్ర సంబంధమైన చిన్న ముచ్చట అవసరం. ఆంగ్లంలో 'రాబిట్', 'హేర్' వేర్వేరు జంతువులు. మొదటిది బొరియ తవ్వుకొని ఉంటుంది. రెండవది నేలమీదనే పొదల మాటున ఉంటుంది. మన అడవుల్లోని చెవులపిల్లి రెండవ కోవకు చెందినది. బగ్స్ పేరుకు 'రాబిట్' అయినా, తలవెంట్రుకలన్న అర్థమిచ్చే మాటతో ధ్వనిసామ్యం ఉన్నందువల్ల చిత్రాల పేర్లలో 'హేర్' శ్లేషగా మళ్ళీమళ్ళీ వస్తుంది. కథ మాత్రం బొరియ చుట్టూనే తిరుగుతుంది. జోన్స్ తీసిన 'హోమ్‌లెస్ హేర్' (1950)లో ఆకాశహర్మ్యం కట్టడానికి యంత్రం దాని కలుగును పెకలించివేస్తుంది. రాబర్ట్ మెకింసన్ తీసిన 'నో పార్కింగ్ హేర్' (1954)లో రహదారి నిర్మాణం దాని ఇంటి మీదుగా పోవలసి వస్తుంది. యుద్ధానంతర అమెరికా నగరాల్లో రహదారుల కోసం పేదల వాడలు తొలగిస్తున్న కాలమది. నిర్మాతల ఉద్దేశం ఏదైనా, కలుగు వదలనన్న కుందేటిలో ఆనాటి ప్రేక్షకుల్లో కొందరైనా తమను చూసుకొని ఉండాలి.

5. పక్షం మారిన కుందేలు

ఈ నియమానికి చరిత్రలో మరో పార్శ్వం ఉంది. దాన్ని తడమకుండా ఈ చిత్రాలను మెచ్చుకోవడం పరిశోధకుడికి తగదు.

జోయెల్ చాండ్లర్ హారిస్ 1880లో వెలువరించిన 'అంకుల్ రీమస్' కథల్లో నాయకుడు బ్రెర్ రాబిట్. ఇవి బానిసలుగా అమెరికా చేరిన ఆఫ్రికన్ల మౌఖిక సంప్రదాయం నుంచి ఒక శ్వేతజాతి పాత్రికేయుడు సేకరించి, తన చట్రంలో అమర్చిన కథలు. నక్కకు చిక్కిన కుందేలు 'ఏమైనా చెయ్యి గానీ ఆ ముళ్ళపొదలో మాత్రం వెయ్యకు' అని వేడుకొని, తీరా అందులో వేయించుకొని తప్పించుకుంటుంది. శత్రువు చేతనే తనకు కావలసినది చేయించే ఈ పద్ధతి బగ్స్ బనీ చిత్రాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. యజమానిని ఎదిరించలేని మనుషులు ఒక కుందేలు చేత ఎదిరింపజేసిన కథలవి.

1941 సెప్టెంబరులో విడుదలైన 'ఆల్ దిస్ అండ్ రాబిట్ స్ట్యూ'లో వేటగాడు నల్లజాతివాడు. అతణ్ణి మందబుద్ధిగా, కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాడిగా, పాచికలు కనబడితే తుపాకిని కూడా మరిచిపోయేవాడిగా చిత్రించారు. ఆ జూదంలో కుందేలు అతని ఒంటిమీది బట్టలతో సహా గెలుచుకుంటుంది. చేతిలో తుపాకి ఉంది గనుక కథానియమం పైకి చెదరలేదు. థియేటరు బయటి అమెరికాలో మాత్రం బలాబలాలు తలకిందులుగా ఉన్నవి. నల్లవారి నోట పుట్టిన కుందేటి యుక్తిని వారి సంతతినే నవ్వులపాలు చేయడానికి వాడటం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా చేదుగా తోచే ఘట్టం. 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ జాత్యహంకార చిత్రణ కారణంగా ప్రసారం నుంచి తొలగించిన పదకొండు చిత్రాల్లో ఇదొకటి.

యుద్ధకాలంలో ఇది మరింత బాహాటమైంది. ఫ్రెలెంగ్ తీసిన 'బగ్స్ బనీ నిప్స్ ది నిప్స్' (1944) పేరులోనే జపనీయులను ఉద్దేశించిన తిట్టు ఉంది. పసిఫిక్ దీవిలో కుందేలు జపాన్ సైనికులకు ఐస్‌క్రీమ్ పంచుతుంది. వాటిలో చేతిబాంబులు దాచి ఉంటాయి. సైనికుల ముఖాలు ఒకరికొకరికి తేడా లేకుండా, వికృతంగా గీశారు. 1942 ఫిబ్రవరి నాటి అధ్యక్ష ఉత్తర్వు పర్యవసానంగా సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరాల్లో ఉంచిన కాలంలోనే ఈ చిత్రం విడుదలైంది. వారిలో అత్యధికులు అమెరికా పౌరులే. 1945లో అదే దర్శకుడు తీసిన 'హెర్ మీట్స్ హేర్'లో జర్మనీ పక్షాన ఎగతాళికి గురైనవాడు హెర్మన్ గోరింగ్, అంటే పేరూ పదవీ ఉన్న ఒక వ్యక్తి. జపాన్ విషయంలో ఒక జాతి మొత్తం గురి అయింది. యుద్ధం గనుక అలా జరిగిందని సరిపెట్టుకోవడానికి ఈ తేడా అడ్డువస్తుంది. దీవిలో కుందేటికి కలుగు లేదు, దాని వెనక రాజ్యం ఉంది.

6. ఓడిన కుందేలు

రాడిన్ చెప్పిన రెండవ లక్షణం, మోసపోవడం, ఈ పరంపరలో అరుదుగానైనా ఉంది. ఏవరీ 'టార్టాయిస్ బీట్స్ హేర్' (1941)లో అందరికీ తెలిసిన పరుగు పందెం కథను తిరగవేశాడు. తాబేలు గెలిచేది ఓపికతో కాదు. తనలాంటి తాబేళ్ళను దారిపొడవునా నిలబెట్టి మోసంతో గెలుస్తుంది. క్లాంపెట్ 'ఫాలింగ్ హేర్' (1943)లో విమానాలు పాడుచేసే గ్రెమ్లిన్ అనే చిన్నజీవి బగ్స్‌ను ముప్పుతిప్పలు పెడుతుంది. తనకన్నా నెమ్మదైనది, తనకన్నా చిన్నది ఎదురైనప్పుడు కుందేలే బలవంతుడి స్థానంలోకి జరుగుతుంది, వెంటనే ఓడుతుంది.

మెకింసన్ 'రెబెల్ రాబిట్' (1949) వింతైనది. ఇతర జంతువుల తలలకు డాలర్లలో వెల కట్టిన ప్రభుత్వం కుందేటికి రెండు సెంట్లే కట్టిందన్నది దాని అవమానం. తానూ ప్రమాదకారినేనని నిరూపించుకోవడానికి దేశమంతటా విధ్వంసం సాగించి, ఫ్లోరిడాను రంపంతో కోసి సముద్రంలోకి వదులుతుంది. పరువు తప్ప ఇక్కడ పోయినదేమీ లేదు. సైన్యం కదిలి వస్తుంది, కథ ఆల్కట్రాజ్ కారాగారంలో ముగుస్తుంది.

జోన్స్ దర్శకత్వంలో, మైకేల్ మాల్టీస్ కథతో 1957లో వచ్చిన 'వాట్స్ ఓపెరా, డాక్?' వాగ్నర్ సంగీతనాటకాలకు వ్యంగ్యానుకరణ. 1992లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో దీనికి స్థానం లభించింది. ఇందులో కుందేలు స్త్రీవేషంతో ఎల్మర్‌ను మోహింపజేస్తుంది. మోహినీ కథ తెలిసినవారికి ఈ ఉపాయం పరిచితమే. వేషం జారిపోగానే ఎల్మర్ ఆగ్రహించి, గాలినీ పిడుగునూ పిలిచి కుందేటిని నిజంగానే కూలుస్తాడు. ఏళ్ళ తరబడి వెంటాడిన వేట ఫలించింది. నేలమీద పడి ఉన్న కుందేటి మీద, విరిగిన పువ్వు నుంచి నీటిబొట్టు రాలుతుంది. ఎల్మర్ దాన్ని చేతుల్లోకి ఎత్తుకొని, 1940లో ఏడ్చినట్లే ఏడుస్తూ నడిచిపోతాడు. ఈసారి వెనకనుంచి తాపు పడదు. అతని చేతుల మీద వాలి ఉన్న కుందేలు తల ఎత్తి, సంగీతనాటకానికి సుఖాంతం ఎక్కడైనా ఉంటుందా అని మనల్ని అడుగుతుంది.