పెండ్లినాటి చేతి గడియారము

పత్తి మండీల ఆదోనియందును, 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘముచే పేరొందిన ఎమ్మిగనూరునందును, పెండ్లిలో అల్లునికి చేతి గడియారము పెట్టుట ఒకప్పుడు గౌరవప్రదమైన ఆచారము. తాతగారి బీరువానుండి నేడు మనుమల చేతికి వచ్చుచున్న వాచీలలో పెక్కింటికి జన్మస్థానము ఆ పెండ్లిపీటయే.

అట్టిదాని యథార్థతను తేల్చుటకు చరిత్రజ్ఞానము మిక్కిలి అక్కఱకు వచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వీడి కర్నూలు జిల్లాలో చేరెను. ఆ యేటి పెండ్లివాచీ యని ఇంటివారు చెప్పుచుండగా డయలుపై హెచ్.ఎం.టి. యను అక్షరములున్నచో, కథయైనను తప్పు కావలెను, వాచీయైనను మారియుండవలెను. ఏలయన ఆ సంస్థ జపానుదేశపు సిటిజన్ వారి సహకారముతో బెంగుళూరులో గడియారములు చేయనారంభించినది 1961లో. అంతకుముందు చెల్లినవి వెస్ట్ ఎండ్, ఫావర్ లూబా, రోమర్ మొదలగు స్విస్ వాచీలు. బొంబాయి మద్రాసు రైలుదారిపైనున్న ఆదోనికి అవి వచ్చుట దుర్ఘటము కాదు.

మాసిన డయలుకు కొత్తరంగు వేయించుట చిరకాలపు అలవాటు. వేసినవాడు మోసగాడు కాడు, యజమాని సంతోషమును కోరినవాడే. అయినను జరిగిన నష్టము నష్టమే. భూతద్దముతో చూచిన, అక్షరములు లావెక్కి అంచులు చెదరియుండును, నిమిషపు గీతలు అంకెలకు సూటిగా నిలువవు, ఆరు అంకె దిగువనుండవలసిన 'స్విస్ మేడ్' అను సన్నని మాటలు మాయమైయుండును. చీకటిలో వెలుగుటకై పూసిన పాత అంకెలను మాత్రము గోటితో గీకరాదు. వెలుగు చచ్చినను అందలి రేడియం చావదు, అది సగము తరుగుటకే 1600 ఏండ్లు పట్టును.

వెనుకమూత తెరచుట నాకు అన్నిటికంటె ప్రియమైన ఘట్టము. మూత లోపలితట్టున, వెలుతురుకు ఏటవాలుగా పట్టిననే కానవచ్చునట్లు, సూదిమొనతో గీసిన చిన్నచిన్న అంకెలుండును. విప్పి నూనెవేసిన పనివాడు తేదీనో, తన గుర్తునో అచ్చట గీయుట ఆ వృత్తిలోని సంప్రదాయము. అవి నాలుగైదు వరుసలున్నచో, ఆ యింటివారు దానిని ఎంత శ్రద్ధతో కాపాడుకొనిరో యెవరును చెప్పకయే తెలియును. స్క్రూల గాడులు చెదరియున్నచో మొరటుచేయి పడినదనవలెను. హెచ్.ఎం.టి. వారి జనత అను రకపు వాచీలో 17 జూయెల్సు, అనగా మాణిక్యపు రాళ్లు, ఉండును. కీ యిచ్చి చెవికడ పెట్టిన సెకనుకు ఐదుమార్లు టిక్కుమనును. ఆ నడక తడబడినంత మాత్రమున యంత్రము చెడినదనుకొనరాదు, తఱచుగా నూనె ఎండినదే కారణము.

హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిర్ణయించెను గనుక ఉన్న భాగములే శరణ్యము. కావున పాలిష్ పట్టి అంచులు అరగదీయవలదనియు, డయలు ముట్టవలదనియు, శుభ్రపరచి నూనె మాత్రము వేయుమనియు పనివానితో ముందే చెప్పవలెను. మార్చక తప్పని భాగమేదైన నున్నచో, తీసిన పాతదానిని పొట్లము కట్టించి వెంట తెచ్చుకొనవలెను.