రిపాజిటరీ–ట్రాకర్ అనుసంధానం

సాఫ్ట్‌వేర్ కోడ్‌లో చేసిన మార్పును, దానికి కారణమైన ఫిర్యాదుతో ముడివేసే ఏర్పాటు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ వికీపీడియా. సంగం జాగర్లమూడి అనే ఊరి వ్యాసంలో అక్షరదోషం ఉంటే ఎవరైనా దిద్దవచ్చు. పేజీని చూపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే ఫాబ్రికేటర్ అనే ట్రాకర్‌లో నమోదు చేయాలి. 2014లో బగ్‌జిల్లా స్థానంలో వచ్చిన ఈ ట్రాకర్ ప్రతి ఫిర్యాదుకూ 'టి'తో మొదలయ్యే సంఖ్య ఇస్తుంది. ప్రోగ్రామరు గిట్ కమిట్ సందేశం చివర 'బగ్:' అని రాసి ఆ సంఖ్య వేస్తాడు. మార్పు సమీక్ష కోసం గెరిట్‌కు చేరగానే గెరిట్‌బాట్ ఫిర్యాదు కింద లింకు పెడుతుంది. మార్పు ప్రధాన కోడ్‌లో విలీనమయ్యాక మళ్లీ చెబుతుంది. ఫిర్యాదును మూసే పని మాత్రం మనుషులదే. అదే మేలు, ఎందుకంటే విలీనమైన కోడ్ తెలుగు వికీకి చేరాలంటే సాధారణంగా తర్వాతి వారపు విడుదల దాకా ఆగాలి. సంఖ్యలో ఒక్క అంకె తప్పినా ముడి పరాయి ఫిర్యాదుకు పడుతుంది.