అలవాటు ఎవరి చేతిలో ఉంది?

మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఆరోగ్యపు అలవాట్ల పాఠం చెబుతున్నాను. గోళ్లు తీసుకోవాలి, కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి, చిరుధాన్యాలు తినాలి అని బోర్డు మీద వరసగా రాశాను. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, సామలు అంత మంచివైతే మరి మనవాళ్లు ఎందుకు మానేశారు?" అని అడిగింది. పాఠంలో దానికి జవాబు లేదు. జవాబు మన చరిత్రలో ఉంది. ఆ పిల్లకు చెప్పాల్సింది ముందు మనం తెలుసుకోవాలి.

విశాఖ మన్యంలో మా తాతల కాలంలో పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం సామ అన్నం, కందులు, అడవి కూరలు, వానాకాలంలో వెదురు కొమ్ములు. పోడు కొండ మీద సామ, కొర్ర, చోడి, కంది కలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొచ్చేది. పంట వచ్చాక కొత్త పండగ చేసి, పెద్దలకు పెట్టనిదే ఎవరూ ముట్టేవారు కాదు. ఏం తినాలో, ఎప్పుడు తినాలో నేల, కాలం, ఊరు కలిసి నిర్ణయించేవి.

ఈ నిర్ణయంలోకి బయటివాళ్లు చెయ్యి పెట్టినప్పుడల్లా మన్యంలో అలజడి రేగింది. గోదావరి మన్యంలో కల్లు గీతకు చిగురుపన్ను వేశారు. ఆబ్కారీ నిబంధనల వల్ల ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు కూడా పోయింది. ఎండాకాలంలో తిండి గింజలు తగ్గినప్పుడు జీలుగు కల్లే చాలామందికి ఆహారం. 1879లో రంపలో తిరుగుబాటు లేవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. కారం తమ్మన్నదొర వంటివారు దానికి ముందు నిలిచారు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు రిజర్వు అడవులయ్యాయి. తాతలు చేసిన పోడు మనవళ్ల కాలానికి నేరమైంది. పోడు తగ్గిన చోట సామ, కొర్ర కూడా తగ్గాయి. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇది.

నలభై ఏళ్ల తర్వాత అవే కొండల్లో అల్లూరి సీతారామరాజు తిరిగాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద జరిగిన దాడి మన పిల్లలందరికీ తెలుసు. అంతకుముందు ఆయన ఊరూరా తిరిగి తాగుడు మానమని, తగవులు కోర్టులకు పోకుండా ఊరి పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పిన సంగతి తక్కువమందికి గుర్తుంది. కల్లు కోసం తిరగబడిన కొండలు తాగుడు మానమన్న మాట విన్నాయంటే వింతగా అనిపిస్తుంది. నాకు మాత్రం రెండూ ఒకటే అనిపిస్తాయి. తాగాలో మానాలో మేమే చెప్పుకుంటాం, పైనుంచి పన్ను వేసేవాడు చెప్పకూడదు అన్నదే రెండింటిలోనూ ఉన్న మాట.

ఇక బియ్యం సంగతి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని డిపోలు మన సంతల దగ్గరికి వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది. దీన్ని తిట్టడం సులువు, కానీ న్యాయం కాదు. వానాకాలపు ఆకలి నెలల్లో మామిడి టెంకల అంబలి తాగి, టెంకలు బూజు పట్టి ఉంటే వాంతులు, విరోచనాలతో మంచాన పడిన ఇళ్లు మనకు తెలుసు. ఆ ఇళ్లను బియ్యం ఆదుకుంది. సామలు దంచడం ఆడవాళ్ల రెక్కల కష్టం. బియ్యం వచ్చాక మా అమ్మ రోకలి పక్కన పెట్టి కాస్త నడుం వాల్చింది. ఆమెను తప్పు పట్టే నోరు నాకు లేదు.

అయితే ఆకలి తీర్చడానికి వచ్చిన బియ్యం కంచంలో మిగతా వాటినన్నిటినీ నెట్టేసింది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఇనుము కూడా చోళ్లలోనే ఎక్కువ. ఇప్పుడు సంతలో మనం చోళ్లు అమ్మి, పిల్లలకు బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు కొని తెస్తున్నాం. నడివయసు వాళ్ల సంచుల్లో బీపీ మాత్రలు కనిపిస్తున్నాయి. నా సంచిలోనూ ఉన్నాయి.

మరి మార్చుకోవడం ఎలా? బోర్డు మీద "తినాలి" అని రాస్తే చాలదు. అలవాటు నేలతో, చట్టంతో, డిపోతో, రోకలితో ముడిపడి మారింది. తిరిగి రావాలన్నా అవన్నీ కలవాలి. పక్కనే ఒడిశాలో 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టి, రైతుల దగ్గర చోళ్లు కొని, కొన్ని జిల్లాల్లో రేషన్‌లో ఇచ్చారు. మన బడుల్లో 2023లో రాగి జావ వచ్చింది. మొదట్లో మా పిల్లలు మొహం తిప్పుకున్నారు. అవ్వలు తాగేది ఇదేనని చెప్పాక గ్లాసు పట్టారు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. అంటే డిపోలో చోళ్లు అడగడం మన హక్కు. దంచే కష్టం తిరిగి ఆడవాళ్ల మీద పడకుండా ఊరికో మర కావాలని కూడా అడగాలి.

తాగుడు విషయంలో మన చేతికి ఇంకా పెద్ద సాధనం ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. మన రాష్ట్రంలో 2011లో నిబంధనలు వచ్చాయి. 1879లో ఆయుధం పట్టి అడిగినదీ, 1922లో ఊరూరా చెప్పుకున్నదీ ఇప్పుడు చట్టంలో రాసి ఉంది. ఇంటి కల్లుకూ, సంతలో అమ్మే సారాకూ తేడా ఏమిటో, ఏది ఉండాలో ఏది పోవాలో గ్రామసభలో కూర్చుని మనమే తేల్చుకోవచ్చు. కూర్చోకపోతే ఆ చట్టం కాగితమే.

ఆ అమ్మాయికి మర్నాడు ఇదంతా కథగా చెప్పాను. తర్వాత పిల్లల్ని ఇళ్లకు పంపి, అవ్వలు ఎన్ని రకాల విత్తనాలు చల్లేవారో అడిగి రాసుకు రమ్మన్నాను. ఒకడు పేర్లతో పాటు గుప్పెడు కొర్రలు కూడా తెచ్చాడు. బడి వెనక నాలుగు సాళ్లు వేశాం. నేను పొద్దుటి టీ, బిస్కెట్లు మాని అంబలి తాగుతున్నాను. పంట వచ్చాక బడిలో కొర్ర కొత్త చేద్దామని పిల్లలు అప్పుడే లెక్కలు వేసుకుంటున్నారు.