ఒక్క బస్సుతో మొదలైన శాల

కోయంబత్తూరునందలి అవినాశి రోడ్డు ప్రక్కన జి.డి. నాయుడుగారి ధర్మసంస్థల ప్రాంగణములో నెలకొనియున్న కార్ల ప్రదర్శనశాల 2015వ సంవత్సరమున తెరవబడినది. కాని దాని చరిత్ర 1920లో పొల్లాచినుండి పళనికి బయలుదేరిన ఒక్క బస్సుతో ఆరంభమైనదని గ్రహించిననే తప్ప ఆ శాల మనకు అర్థము కాదు. మన పాతకార్ల సంఘపు రజతోత్సవమును పురస్కరించుకొని సభ్యులందఱును కుటుంబసమేతముగా అచ్చటికి వెళ్ళిరాదగునని కార్యవర్గము నిశ్చయించినప్పుడు, నీలగిరుల చల్లదనమును, జలాశయముల తీరములను కోరుకొన్న కొందఱు యువకులకు, ఊరిలోని శాలకు ఊరేగింపుగా పోవుట అంతగా రుచింపలేదు. ఐనను యాత్ర ముగిసిన పిమ్మట, ఈ ప్రత్యేక సంచికలో దానినిగూర్చి విపులముగా వ్రాయవలసినదేయని పట్టుపట్టినవారును ఆ యువకులే యగుట నాకు మిక్కిలి సంతోషము గొలిపినది.

మార్గశిర మాసపు చలి వదలని వేకువను సంఘ కార్యాలయము ముంగిట కార్లు చేరినవి. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూసలో వంగదేశపు ఉత్తరపాడా కర్మాగారమున రూపొంది 2014వ సంవత్సరము వఱకును వెలువడిన అంబాసడర్లు, ఇటలీ ఫియట్టుకు బొంబాయిలో పుట్టిన ప్రతిరూపములైన పద్మినులు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు ఒకటి, వాని నడుమ పసుపుకుంకుమలతో అలంకృతమైన పాత స్కూటర్లు రెండు మూడును బారులుతీరి నిలిచినవి. ఎంత చోకు లాగినను పలుకని యొక పద్మినిని పిల్లలు వెనుకనుండి నెట్టగా, అది దగ్గి దగ్గి లేచి, నీలిపొగ విడిచి వరుసలో చేరినప్పుడు వీథిలోనివారు చప్పట్లు కొట్టిరి. 2025వ సంవత్సరము అక్టోబరులో అవినాశి రోడ్డుపై ఉప్పిలిపాళెయమునుండి గోల్డ్‌విన్స్ వఱకు సుమారు 10 కిలోమీటర్ల పొడవున ప్రారంభమైన పైవంతెనకు నాయుడుగారి పేరే యుంచబడినది. ఐనను పాతకార్లకు నిదానము మేలని మేము క్రిందిదారినే పోయితిమి. ఈ క్రిందిదారిలో నూలు మిల్లుల గోడలు, పంపుల కర్మాగారములు, కళాశాలలు ఒకదాని వెంట నొకటి కానవచ్చుచుండగా, ఈ నగరము దేనిచేత పెరిగినదో పిల్లలకు వేరుగ చెప్పవలసిన పనిలేకపోయినది.

విజయనగర, నాయకరాజుల కాలములో కొంగునాడు చేరిన తెలుగు కుటుంబములవారు ఇచ్చటి నల్లరేగడిని దున్ని, ప్రత్తి పండించి, కాలక్రమమున ఆ ప్రత్తిని వడకు యంత్రములకు యజమానులైన కథ ఈ సంచిక చదువు వారిలో అనేకులకు ఇంటి కథయే. 1888లో రాబర్టు స్టేన్స్ దొర ఇచ్చట నూలు మిల్లు స్థాపించినపిమ్మట, 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును నెలకొల్పిరి. 1926లో పీళమేటి గోవిందస్వామి నాయుడుగారి కుమారులు తమ ఆస్తిలో భాగమును విద్యాదానమున కర్పించి పి.ఎస్.జి. ధర్మసంస్థను స్థాపించిరి, 1930ల ఆరంభమున పైకారా జలవిద్యుత్తు వచ్చి మిల్లుల సంఖ్యను పెంచినది. ఇట్టి పరిసరములలో, సూలూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన, తెలుగు మాటలాడు రైతు కుటుంబములో, జి.డి. నాయుడుగా ప్రసిద్ధులైన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. పసితనముననే తల్లిని కోల్పోయిన ఆ బాలునకు బడి పొసగలేదు. ప్రాథమిక తరగతులతోనే ఆయన చదువు ఆగినది.

ఆయనకు బడియైనది ఒక మోటారు సైకిలు. రెవెన్యూ అధికారియైన ఆంగ్లేయు డొకడు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలుపై ఆ గ్రామమునకు వచ్చినప్పుడు, ఎద్దుగాని గుఱ్ఱముగాని లేక తానై కదలు ఆ బండిని చూచి నిశ్చేష్టుడైన యువకుడు, దానిని కొనవలెనన్న యొక్క కోరికతో నగరమునకు వచ్చి, హోటలులో వడ్డనపని చేసి కూలి కూడబెట్టి, తుదకు ఆ బండినే 300 రూపాయలకు కొనినట్లు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. కొన్న వెంటనే దానిని నడుపుకొని తిరిగియుండిన, ఆయన కథ అంతటితో ముగిసియుండును. ఆయన దానిని ఒక్కొక్క మరగా విప్పి, ఏ భాగము ఎందులకున్నదో తెలిసికొని, మరల బిగించెను. వస్తువును కొనుటకంటె విప్పుటయందు ఆయన కెక్కువ ఆసక్తి యుండెననుటకు ఇది మొదటి నిదర్శనము. తరువాత ఏబది యేండ్లును ఆయన చేసినదంతయు ఈ యొక్క అభ్యాసముయొక్క విస్తృతియే యని నా యభిప్రాయము. మేము చూడబోవుచున్న శాలయు ఆ యభ్యాసమునకు కట్టిన ఇల్లే.

నడుమ ప్రత్తి వ్యాపారము చేసి లాభనష్టములు రెండును చూచిన పిదప, 1920లో స్టేన్స్ దొర సహాయముతో నాయుడుగారు ఒక బస్సును సంపాదించి, పొల్లాచినుండి పళనికి తామే స్వయముగా తోలిరి. ఉడుమలైపేటమీదుగా సుమారు 40 మైళ్ళ ఆ దారి, సంతకు పోవు రైతులును, కావడి నెత్తుకొని సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శింపబోవు యాత్రికులును నడకనో, రెండెద్దుల బండిమీదనో గడచెడి దారి. నిండినప్పుడే బయలుదేరుట, తోచినచోట ఆగుట ఆనాటి బండ్లకు అలవాటు. బస్సు నిర్ణీతకాలమునకు కదలవలెననియు, ప్రయాణికునకు నీడయు, కూర్చుండ చోటును ఉండవలెననియు నాయుడుగారు పట్టుబట్టిరి. యూనివర్సల్ మోటారు సర్వీసు, జనుల వాడుకలో యు.ఎం.ఎస్., ఆ విధముగా పుట్టినది. 1933 నాటికి దాని బస్సులు 280. ఒక వ్యక్తి తోలిన ఒక్క బస్సు పదమూడేండ్లలో అంతటి బలగమైనదనిన, అందు అదృష్టముకంటె వర్క్‌షాపు పాలు ఎక్కువ. బస్సులు చెడిపోయినచో బాగుచేయించుటకై ఇతరుల కడకు పోక, భాగములను తమ కొట్టములలోనే విప్పి, అరిగినదానిని అచ్చటనే మలచుకొను నేర్పు ఆ సంస్థకు ప్రాణము.

ఆ కొట్టములలోనుండియే తక్కిన వింతలన్నియు బయలు వెడలినవి. 1937లో బాలసుందరము నాయుడుగారితో కలిసి తయారుచేసిన విద్యుత్ మోటారు దేశీయముగా వెలసినవానిలో మొదటిదని ప్రసిద్ధి. నేడు మన జిల్లా పొలములలో నీరు తోడు మోటారు పంపుల పరిశ్రమకు అది బీజము. గడ్డము గీచు విద్యుత్ యంత్రము, కిరోసినుతో తిరుగు పంకా, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు తావీయని ఓటు యంత్రము: ఇవి ఆయన చేతిలో రూపొందిన పరికరములలో కొన్ని. ఆయన పొలమును వదలలేదు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కలపైనను ప్రయోగములు చేసిరి. వీనినన్నిటిని ఒకచోట చూపు పారిశ్రామిక ప్రదర్శన కార్లశాలకు అన్నగారివంటిది. మన పిల్లలు ముందుగా దానినే చూచి, మీటలు నొక్కి, చక్రములు త్రిప్పి, పెద్దలు పిలిచిననుగాని కదలలేదు.

ఇక కార్లశాల. అది పెద్ద రాజప్రాసాదము కాదు. వెలలేని కార్లను వరుసగా నిలిపి చూపఱుల కన్నులు మిఱుమిట్లు గొలుపు శాలలు లోకమున అనేకము కలవు. ఈ శాలవారి దృష్టి వేఱు. కారు అందముగా ఉన్నదా యని కాక, మోటారు నిర్మాణశాస్త్రములో అది ఏ క్రొత్త ఆలోచన తెచ్చినదని వారు ప్రశ్నింతురు. కార్ల్ బెంజి 1886 జనవరిలో జర్మనీలో పేటెంటు పొందిన మూడుచక్రముల బండికి ప్రతికృతి యొకటి అచ్చట కలదు. ఒక్క సిలిండరు, గుఱ్ఱపుబలములో ముక్కాలు పాలు, గంటకు 16 కిలోమీటర్ల వేగము. ఆధునికమైన ఏ కారునకైనను మూలపురుషు డదియే. దాని చెంత మా సంఘపు స్త్రీలు గుమిగూడి నిలిచినది బెంజి భార్యయైన బెర్తా కథ వినుటకు. వివాహమునకు ముందే తన కట్నపు సొమ్మును కాబోవు భర్త వ్యాపారమునకు ధారపోసిన ఆ యిల్లాలు, 1888 ఆగస్టులో భర్తకు చెప్పకయే ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు, వంద కిలోమీటర్లకు పైబడిన దూరము, ఆ బండికి తరువాత వెలువడిన మూడవ నమూనాను తోలుకొనిపోయెను. దారిలో ఇంధనము తరిగిపోగా ఒక మందులకొట్టులో కొనెను. ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ సూదితో పొడిచి శుభ్రపరచెను. బ్రేకులరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు తొడిగించెను. లోకమున మోటారుబండిపై తొలి దూరప్రయాణమును చేసినదియు, దారిలో దానికి తొలి మరమ్మతులు చేసినదియు ఒక తల్లి యని విన్నప్పుడు, వేకువను చలిలో పద్మినిని నెట్టిన మా బాలికల ముఖములందు కానవచ్చిన గర్వము నేను మఱువజాలను.

అచ్చటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు కడ మా సంఘపు వృద్ధ మేస్త్రిగారికి ఊపు వచ్చినది. ఒక కుఱ్ఱడు, "తాతా, ఇంజను ముందర లేదే, వెనకుందే?" యని యడిగెను.

"వెనకుంటే ఏం నాయనా, తిప్పేది వెనక చక్రాలనే కదా, దగ్గరే ఉంటే మంచిదే. ఇంకోటి చూడు, దీనికి రేడియేటరు లేదు. గాలితోనే చల్లారుతుంది. నీళ్ళు పొయ్యక్కర్లేదు, మరిగిపోతుందన్న బెంగా లేదు."

"మరి మన అంబాసడర్‌కి ఎందుకు నీళ్ళు పోస్తాం?"

"అది వేరే దారి. దాని దారీ తప్పు కాదు, దీని దారీ తప్పు కాదు. రెండూ విప్పి చూడు, నీకే తెలుస్తుంది."

2003వ సంవత్సరమున మెక్సికోలో చివరి బండి వెలువడు నాటికి ఈ బీటిల్ కార్ల సంఖ్య 2 కోట్ల 15 లక్షలు. సామాన్యుని కారు అను తలంపు ఒక దేశమున ఎంతటి మహావృక్షమైనదో ఆ సంఖ్యయే చెప్పును. ఆ బండి ముందు నిలిచినప్పుడే నాకు 1952వ సంవత్సరము తలపునకు వచ్చి, ఈ వ్యాసమునకు కారణమైన వ్యథ కలిగినది.

ఆ యేట నాయుడుగారి కర్మశాలనుండి ఇద్దఱు కూర్చుండదగిన పెట్రోలు కారు వెలువడినది. వెల 2,000 రూపాయలు. ప్రభుత్వపు లైసెన్సు లభింపనందున దాని ఉత్పత్తి సాగలేదు. అది పరిశ్రమల అభివృద్ధి నియంత్రణ చట్టము 1951లో వచ్చిన క్రొత్త. ఏ వస్తువును ఎవరు ఎంత తయారుచేయవలెనో రాజధానిలో నిర్ణయమగు కాలము. 1953లో టారిఫ్ కమిషను, దేశములోనే భాగములను క్రమక్రమముగా నిర్మింప పూనుకొన్న కంపెనీలను మాత్రమే నిలుపదగునని సిఫారసు చేయగా, భాగములను తెచ్చి బిగించు విదేశీ సంస్థలు వెడలిపోయినవి. కార్ల రంగము కొలదిమంది చేతిలో నిలిచినది. విదేశ మారకద్రవ్యము, ఉక్కు కొఱతగానున్న ఆ దినములలో అట్టి నియమములకు కారణములు లేకపోలేదు. నేను వానిని తేలికగా త్రోసివేయను. మేము యాత్రనాడు ప్రాంగణములో నిలిపిన అంబాసడర్లు, పద్మినులు, హెరాల్డు ఆ నియమముల నీడలో పెరిగిన బిడ్డలే. వానిని ప్రేమించుటకే మన సంఘము పుట్టినది. కాని అవి మూడును విదేశపు నమూనాలనుండి వచ్చినవనియు, ఇచ్చటి మనుష్యుడు ఇచ్చటి బీదవాని వెలకు తలపోసిన చిన్నబండికి మాత్రము దారి దొరకలేదనియు చెప్పక తప్పదు. అది మంచి కారగునో కాదో రోడ్డు తేల్చవలసిన మాట; రోడ్డెక్కు అవకాశమే దానికి కలుగలేదు. ముప్పదియేండ్ల తరువాత, 1983లో మారుతి 800 వచ్చువఱకును చిన్నకారు మన మధ్యతరగతివారి కలగానే మిగిలినది.

చదువు విషయమునను నాయుడుగారి ఆలోచన ఇట్లే త్వరపడినది. 1945లో ఆయన దానముతో, పూనికతో ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర నెలకొన్న సాంకేతిక కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగా నుండి, నాలుగేండ్ల చదువు కాలవ్యయమనియు, రెండేండ్లు చాలుననియు వాదించిరి. ప్రభుత్వమువారు సమ్మతింపకపోగా ఆ పదవిని వదలిరి. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వేఱొకచోట వర్ధిల్లుచున్నది. అవినాశి రోడ్డుమీది బస్సు స్టాపునకు మాత్రము హోప్స్ అను పేరు నేటికిని నిలిచియున్నది. రెండేండ్ల వాదమును నేను పూర్తిగా అంగీకరింపజాలను. గణితమునకు, పదార్థశాస్త్రమునకు కొంత నిదానము వలయును. కాని చేతితో విప్పనివానికి ఏ గ్రంథమును యంత్రమును నేర్పజాలదన్న ఆయన పట్టుదలయందు నాకు సంపూర్ణ విశ్వాసము కలదు. 1974 జనవరి 4వ తేదీన ఆయన మరణించిన తరువాతను, ఆయన కుటుంబమువారు ధర్మసంస్థను నడపి, ఆ పట్టుదలకే ఈ కార్లశాల రూపమున చోటు కల్పించిరి.

మధ్యాహ్నము చెట్లనీడను పులిహోర, పెరుగన్నముల విందు ముగిసినపిమ్మట మేస్త్రిగారు ఒక పాత కార్బురేటరును గుడ్డపై పరచి పిల్లలచేత విప్పించిరి. ఇకమీదట ప్రతి యేటి వనభోజనమున ఒక యంత్రభాగమును విప్పి బిగించు పాఠము తప్పక ఉండవలెనని కార్యవర్గము అచ్చటనే తీర్మానించినది. రెండవ తీర్మానము సభ్యులందఱికిని సంబంధించినది. పొల్లాచి, ఉడుమలైపేట, పళని ప్రాంతములలోని మన బంధువుల యిండ్లలో యు.ఎం.ఎస్. బస్సు టికెట్టుగాని, డ్రైవరు బిళ్ళగాని, కాలపట్టికగాని, ఛాయాచిత్రముగాని పెట్టెలలో పడియుండవచ్చును. ఆ బస్సులలో పని చేసినవారి బిడ్డలును, మనుమలును మన నడుమ కలరు. అట్టివి ఏవైనను దొరకినచో, వాని వివరమును ఎవరి యింటివో, ఏ దారిలోనివో వ్రాసి సంఘ కార్యదర్శికి అందజేయ ప్రార్థన. నకలు తీయించుకొని, మూలమును జాగ్రత్తగా యజమానులకు తిరిగి చేర్చెదము.