హిలాల్ గెలిచిన పొద్దున రహీం సాబ్ యాదొచ్చారు

2025 జులై 1, మంగళవారం. ముహర్రం ఐదో తారీఖు. ఫజర్ నమాజు అయ్యాక ప్రొద్దుటూరులో మా ఇంటి అరుగు మీద చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఆరున్నరకు ఫోను మోగడం మొదలై తొమ్మిదింటి దాకా ఆగలేదు. మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ముగ్గురు భాంజాలున్నారు. ఒకడు జమ్మలమడుగులో, ఇంకొకడు పులివెందులలో, మూడోవాడు రియాద్‌లో. ముగ్గురూ మూడు చోట్ల కూర్చుని ఒకే మ్యాచ్ చూస్తున్నారు. ఆట జరుగుతున్నది అమెరికాలోని ఓర్లాండోలో. ఒకవైపు ఇంగ్లండు వాళ్ల మాంచెస్టర్ సిటీ, ఇంకోవైపు రియాద్ వాళ్ల అల్ హిలాల్.

చివర్లో రియాద్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వాడి గొంతు బొంగురుపోయింది. "మామూ, గెలిచేసినాం!"

మా కడప జిల్లాలో గల్ఫ్‌లో మనిషి లేని మొహల్లా వెతికినా దొరకదు. పొట్ట కోసం పోయిన ఊరి టీం గెలిస్తే పిల్లోడికి ఖుషీ కలగడం సహజమే. కానీ ఆ "గెలిచేసినాం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గ్రూపులో ఒక సవాల్ పెట్టాను: "హైదరాబాద్ సిటీ పోలీస్ టీం పేరు ఎవరైనా విన్నారా?" చాలాసేపు ఖామోషీ. తర్వాత పులివెందుల వాడు అడిగాడు: "అజయ్ దేవగన్ సినిమాలో టీమా మామూ?"

వాళ్ల గల్తీ ఏమీ లేదు. చెప్పాల్సిన వాళ్లం మనం చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

ఓడితే ఇంటికే

ముందు ఆ పొద్దున జరిగిన సంగతి. ఫిఫా క్లబ్ వరల్డ్ కప్‌ను 2025లో మొదటిసారి 32 క్లబ్బులతో పెట్టారు. గ్రూపుల్లో ఒక్కో టీముకు మూడు ఆటలు. అక్కడ ఒకటి ఓడినా దారి ఉంటుంది. హిలాల్ రియల్ మాడ్రిడ్‌తో 1-1, సాల్జ్‌బర్గ్‌తో 0-0 చేసి, పచుకాను 2-0తో ఓడించి బయటపడింది. ఆ తర్వాత మిగిలేది 16 టీములు. అక్కడి నుంచి నాకౌట్. ఓడితే సామాను సర్దుకుని ఇంటికే.

తొమ్మిదో నిమిషంలోనే సిటీ తరఫున బెర్నార్డో సిల్వా గోల్ కొట్టాడు. రెండో సగం మొదలవగానే మార్కోస్ లియొనార్డో సమం చేశాడు. మాల్కం హిలాల్‌ను ముందుకు తెచ్చాడు. మూడు నిమిషాలకే హాలండ్ 2-2 చేశాడు. అదనపు సమయంలో సెనెగల్ బిడ్డ కాలిడు కులిబాలీ తలతో ఒకటి కొట్టాడు. సిటీ ఫోడెన్ మళ్లీ సమం చేశాడు. 112వ నిమిషంలో లియొనార్డోదే ఆఖరి గోల్. 4-3. గోల్ ముందు మొరాకో యాసిన్ బునూ గోడలా నిలబడ్డాడు.

లీగ్ ఆటలో "కల్ దేఖేంగే" అనుకోవచ్చు. నాకౌట్‌లో కల్ లేదు. ఇమ్తిహాన్ ఒకటే, సప్లిమెంటరీ ఉండదు. పేరు చిన్నదైనా తయారీ ఉన్నవాడికి ఇక్కడే మౌకా దొరుకుతుంది. ఈ ముక్క మన హైదరాబాదులో 75 ఏళ్ల కిందటే ఒక స్కూలు మాస్టారికి తెలుసు.

తెల్లదొరల కప్పులు, మనవాళ్ల కాళ్లు

మన దేశంలో పాత ఫుట్‌బాల్ కప్పులన్నీ నాకౌట్‌వే. సిమ్లాలో 1888లో డ్యూరాండ్ కప్, బొంబాయిలో 1891లో రోవర్స్ కప్ మొదలయ్యాయి. రెండూ తెల్ల పల్టన్‌ల కోసం పెట్టినవి. చాలా ఏళ్లు వాళ్లే ఆడారు, వాళ్లే గెలిచారు.

ఆ తాళం తీసిన టీముల పేర్లు గుర్తుపెట్టుకోండి. రోవర్స్ కప్ గెలిచిన మొదటి హిందుస్తానీ టీం 1937లో బెంగళూరు ముస్లిమ్స్. మరుసటి ఏడు కూడా వాళ్లే. కలకత్తా లీగును 1934లో గెలిచి, ఆ లీగు గెలిచిన మొదటి హిందుస్తానీ టీం అయింది మొహమ్మదన్ స్పోర్టింగ్. అక్కడి నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. అదే మొహమ్మదన్ 1940లో ఢిల్లీలో రాయల్ వార్విక్‌షైర్ పల్టన్‌ను 2-1తో ఓడించి డ్యూరాండ్ ఎత్తుకుంది. అది కూడా మన దేశం టీముకు మొదటిసారే.

ఆ తర్వాత వంతు హైదరాబాదుది.

మాస్టారి మైదాన్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. పేషా టీచరు పని. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడే టీం రోవర్స్ కప్ గెలిచింది. మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కూడా గెలిచింది. రోవర్స్‌నైతే 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు వరసగా ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి రౌండూ ఓడితే ఇంటికే అనే కప్పులో ఐదేళ్లపాటు ఒక్కసారి కూడా ఓడకుండా రావడమంటే ఏమిటో పిల్లలు ఒక్క నిమిషం ఆలోచించాలి. దాన్ని నసీబు అనలేం.

మరేమిటి? తాలీమ్. రహీం సాబ్ టీచరు కాబట్టి ఆటను పాఠంలా విడగొట్టి నేర్పారు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని తిప్పడం మనవాళ్లకు మోజు. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టారు. అప్పుడు బంతి వచ్చీ రాగానే పాస్ ఇవ్వక తప్పదు. ఎడమ కాలు చాతకాని వాళ్లకు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. ఇవాళ పెద్ద పెద్ద అకాడమీలు చెప్పే ముచ్చట్లు ఆయన అప్పుడే మట్టి మైదానంలో చేసి చూపించారు.

టీం నడిచిన తీరు కూడా చెప్పాలి. ఆటగాడికి పోలీసు శాఖలో నౌకరీ ఉండేది. నెలకు జీతం, ఇంట్లో పొయ్యి వెలిగే భరోసా. గరీబు మొహల్లాల పిల్లలకు ఆ భరోసా చిన్నది కాదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయి డబ్బులు రహీం సాబే ఇచ్చేవారట. ముసల్మాను, హిందువు, క్రైస్తవుడు అనే ఫరక్ ఆ మైదానంలో లేదు.

పది గోల్స్ తిన్న రోజు

రహీం సాబ్ కథలో విజయాలు మాత్రమే చెబితే బేఈమానీ అవుతుంది. ఆయన శిక్షణలో మన దేశం 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్. అక్కడ మొదటి నాకౌట్ ఆటలోనే యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆ చలిలో ఆడారు. అదే మొదటి ఆట, అదే ఆఖరి ఆట.

ఇంకొకరైతే మొహం చాటేసేవారు. రహీం సాబ్ బూట్లు వేయించారు, ఆడే పద్ధతి మార్చారు. నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్. మొదటి రౌండులో హంగరీ తప్పుకుంది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ఓడిపోయాం, కానీ ఈసారి 1-4. మొత్తంగా నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం మళ్లీ అంత దూరం పోలేదు.

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మన హైదరాబాద్ వాళ్లు. ఇక్కడ తారీఖు చూడండి. ఆస్ట్రేలియాతో ఆట డిసెంబర్ 1న. దానికి సరిగ్గా నెల ముందు, నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అంటే ఆ రోజు ఆడినవాళ్లు ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ పులివెందులకూ సొంత రాష్ట్రం వాళ్లే. తర్వాత పోలీస్ టీం పేరు కూడా ఆంధ్ర పోలీస్ అయింది. 1961లో ఆ పేరుతోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ గెలిచింది.

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో బంగారు పతకం తెచ్చినప్పటికే రహీం సాబ్ బీమారీతో ఉన్నారు. కేన్సర్. 1963 జూన్ 11న ఆయన ఇంతకాల్ అయ్యారు. వయసు 53.

తలుపు ఆలస్యంగా తెరుచుకుంది

నా మనసుకు ముల్లులా తగిలేది ఇదే. ఆసియా ఖండంలో క్లబ్బుల మధ్య చాంపియన్ పోటీ మొదలైంది 1967లో, బ్యాంకాక్‌లో. రహీం సాబ్ పోయిన నాలుగేళ్లకు. మన దేశం తరఫున అందులో మొదట ఆడింది 1969లో మైసూరు జట్టు. హైదరాబాద్ పోలీస్ జోరు మీదున్న రోజుల్లో తలుపే లేదు. తలుపు పెట్టేసరికి ఆ మెహమాన్‌లు గడప దగ్గర లేరు.

అప్పటికే మన పిల్లలు కలకత్తా బాట పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. తర్వాత సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే దారిలో నడిచారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మన దేశం కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ నయీముద్దీన్. హబీబ్‌ను కలకత్తా జనం మొహబ్బత్‌తో "బడే మియా" అన్నారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2 చేసింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. మన హైదరాబాద్ బిడ్డ పేలే ఎదుట గోల్ కొట్టాడు, కానీ వేరే ఊరి బనియన్ వేసుకుని. ఆయన 2023 ఆగస్టు 15న కన్ను మూశారు.

హైదరాబాద్ పేరుతో ఆసియా గడప దాకా పోయిన టీం ఈ మధ్య ఒకటే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. 2023 మే 3న కోళికోడ్‌లో ఏఎఫ్‌సీ కప్ అర్హత కోసం ఒక్కటే ఆట. మోహన్ బగాన్ చేతిలో 1-3. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

1957

ఒక సంవత్సరం దగ్గర ఆగి లెక్క చూద్దాం. అల్ హిలాల్ పుట్టింది 1957లో. అదే 1957 సీజన్‌లో హైదరాబాద్ పోలీస్ దగ్గర రోవర్స్, డ్యూరాండ్ రెండూ ఉన్నాయి. ఒకరు ఊయలలో ఉన్నప్పుడు మనవాళ్లు తఖ్త్ మీద ఉన్నారు. ఇవాళ ఆ క్లబ్బు నాలుగుసార్లు ఆసియా చాంపియన్. మన టీం పేరు మన పిల్లలకే తెలియదు.

దౌలత్ ఒక కారణమే, కాదనను. 2023లో హిలాల్ వెనుకకు సౌదీ సర్కారు ఖజానా వచ్చింది. కానీ ఆ ఖజానా రాకముందే ఆసియా కప్పులు నాలుగూ గెలిచింది. అసలు ఫరక్ వేరే. ఒక క్లబ్బుకు ఇల్లు, మైదాన్, చిన్నపిల్లల టీములు, ఊరి జనం ఉంటే ఒక ఉస్తాద్ పోయినా ఇంకో ఉస్తాద్ వస్తాడు. మన టీం ఒక శాఖ నౌకరీల మీద, ఒక మనిషి మెహనత్ మీద నిలబడింది. మనిషి పోయాడు. కలకత్తా ఎక్కువ డబ్బిచ్చి ఆటగాళ్లను తీసుకుపోయింది. వెనక షాగిర్దుల వరస తెగిపోయింది. ఇంత కథ జరిగితే దాన్ని ఇళ్లలో చెప్పుకునే అలవాటు కూడా పోయింది. మిగతావన్నీ మన చేతిలో లేవేమో, ఈ చివరిది మాత్రం మన చేతిలోనే ఉంది. మీ ఇంట్లో బుజుర్గులు ఎవరైనా ఫతే మైదాన్‌లో ఆ ఆటలు చూసి ఉంటే, దయచేసి పక్కన కూర్చుని అడగండి, రాసి పెట్టండి.

ఇదంతా ఆ రోజు గ్రూపులో ముక్కలు ముక్కలుగా రాశాను. జమ్మలమడుగు వాడు అడిగాడు, "వాళ్లు మనోళ్లే అనుకోవచ్చా మామూ?" "హౌ బేటా, మనోళ్లే" అన్నాను.

నాలుగు రోజులకు, జులై 5 తెల్లారక ముందే, రియాద్ వాడి మెసేజ్. క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ ఫ్లుమినెన్సే హిలాల్‌ను 2-1తో ఇంటికి పంపింది. "ఓడిపోయినాం మామూ" అని ఒక్క ముక్క రాశాడు. ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తుంటే, పులివెందుల వాడు నాకంటే ముందే రాసేశాడు:

"సబర్ కర్ భాయ్. రహీం సాబ్ టీం పది గోల్స్ తిని కూడా నాలుగేళ్లకు సెమీస్ ఆడింది."