ముసాయిదా పటము - పౌరుని అభ్యంతరము

చిలకలూరిపేటకు రైలు లేదు. మదరాసు నుండి కలకత్తాకు పోవు రాజమార్గమే ఆ ఊరికి జీవనాడి. నరసరావుపేట దారియు, చీరాల దారియు దానిని కలిసిన చోట బండ్లు ఆగినవి. బండ్లు ఆగినచోట కొట్లు వెలసినవి. కొట్ల వెనుక గిడ్డంగులు, గిడ్డంగుల ప్రక్కనే ఇండ్లు. జిన్నింగు మిల్లు నడుచువేళ దూదిపీచు గాలిలో తేలియాడును. మిరప టిక్కీలు దింపువేళ ఆ వీధిలో దగ్గనివారుండరు. ఇల్లెక్కడ ఉండవలె, మిల్లెక్కడ ఉండవలె అన్నది ఇట్టి ఊళ్ళలో పసివాని ఊపిరికి సంబంధించిన ప్రశ్న. దానిని నిర్ణయించువారెవరు? నిర్ణయించుటకు ముందు వారు ఎవరి మాట వినవలెను? శ్రోతలకు ఈ ప్రశ్న నేటిదిగా తోచవచ్చును గాని, మన సీమలో దీని చట్టచరిత్రకు నూరేండ్లు దాటినవి.

అంతకు పూర్వము అడుగుటకు తావే లేదు. కంపెనీ కాలమున గుంటూరు సీమను పంచుకొన్న ఐదు జమీందారీలలో చిలకలూరిపాడు ఒకటి. ఆ జమీందారులలో పట్టణనిర్మాతగా పేరెన్నిక గన్నవారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు. పదునెనిమిదవ శతాబ్ది చివరి దశకమున ఆయన చింతపల్లిని విడిచి, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుని సన్నిధిని క్రొత్త పట్టణము కట్టించినారు. కట్టడములకు ఇటుక, రాయి కావలసి దీపాలదిన్నెను త్రవ్వించినారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచునప్పటికే బౌద్ధ మహాచైత్యపు శిలలు చెదరిపోవుచున్నవి. నాయుడుగారి దాతృత్వము లోకవిదితమే. ఆ దిన్నె జోలికి పోవలదని చెప్పుటకు హక్కు గల మనిషి మాత్రము ఆ ఊరిలో ఒక్కడును లేడు.

ఇంగ్లండులో 1909లోను, బొంబాయిలో 1915లోను పట్టణ ప్రణాళికా చట్టములు వచ్చినవి. మదరాసు రాజధానిలో ఇట్టి ఆలోచనకు నేల దున్నినవారిలో ముఖ్యుడు పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు. గవర్నరు పెంట్లండు ప్రభువు పిలుపు నందుకొని ఆయన బయలుదేరగా, ఆయన నగరప్రదర్శన సామగ్రిని మోసికొని వచ్చుచున్న ఓడను 1914లో ఎండెన్ అను జర్మను యుద్ధనౌక ముంచివేసినది. మదరాసు రేవుపై గుండ్లు కురిపించిన ఎండెనే అది. గెడ్డిస్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. క్రొత్త పటములు సమకూర్చుకొని 1915 జనవరిలో మదరాసులో ప్రదర్శన జరిపినాడు. నాడి చూడక వైద్యుడు మందీయనట్లే, ఊరిని కాలినడకన తిరిగి, అందలి జనుల బ్రతుకు తెలిసికొననిదే పటము గీయరాదన్నది ఆయన బోధ.

అటుపిమ్మట వచ్చినదే 1920 నాటి మదరాసు పట్టణ ప్రణాళికా చట్టము. ఆంధ్రప్రాంతమున నేటి పట్టణ ప్రణాళికకు మూలపత్రమదియే. దాని నడక ఇట్టిది: పురపాలక సంఘము ఒక ప్రణాళిక చేయదలచినచో తీర్మానించి ప్రకటించవలెను. ముసాయిదా సిద్ధమైన పిదప దానిని ప్రజల యెదుట ఉంచి, గడువు పెట్టి, అభ్యంతరములను సూచనలను ఆహ్వానించవలెను. వాటిని విచారించి ప్రభుత్వమునకు పంపవలెను. ప్రభుత్వము మార్పులతోనో, మార్పులు లేకయో ఆమోదించును. ప్రకటన వెలువడిన పిదప అనుమతి లేనిదే ఆ పరిధిలో ఇటుక పేర్చరాదు. ప్రణాళిక వలన నష్టపడినవానికి పరిహారము, నేల విలువ పెరిగినవాని నుండి కొంత వసూలు. ఇన్నిటిలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఆ నడిమి మెట్టు. సామాన్యుడు కాగితముపై తన మాట వ్రాసి యీయగల చోటు అది యొక్కటే.

ఈ చట్టము క్రింద వెలసిన పేటలలో ప్రసిద్ధమైనది మదరాసులోని త్యాగరాయనగరము. 1920వ దశకమున, కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా ముఖ్యమంత్రిగా నున్న కాలమున, మాంబళము చెరువును పూడ్చి తీర్చినారు. పేటకు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు, తోటకు పానగల్లు రాజా పేరు. ఇద్దరును తెలుగువారే. కాని గుంటూరు సీమలోని చిన్నఊళ్ళకు ఆ విశాలమైన వీధులు రాలేదు. చట్టము సంఘమునకు అధికారమిచ్చినది గాని, పటము గీయువానిని, ధనమును ఈయలేదు.

చిలకలూరిపేట 1964లో పురపాలక సంఘమైనది. మరుసటి యేట ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము వచ్చినది. ఇల్లు కట్టుటకు అనుమతి, వీధికి ఎంత విడువవలె, ఎట్టి వ్యాపారమునకు లైసెన్సు కావలె అన్నవి అందులో కలవు. ఇల్లు కట్టువానికి చట్టము ఎదురగునది ఇక్కడనే. పటము గీసినప్పుడు అతడు లేడు. అనుమతికి పోయినప్పుడు మాత్రము ఆ పటమే అడ్డు నిలుచును. అందుచేత అనుమతి లేకయే కట్టిన ఇండ్లు, లేఅవుటు లేకయే అమ్మిన స్థలములు పెరిగినవి. 2007 డిసెంబరు 31న అపరాధ రుసుముతో వాటిని క్రమబద్ధము చేయు ఉత్తర్వులు వెలువడినవి. అట్టి పథకములు తరువాత మరికొన్ని మారులు వచ్చినవి. ముందు అడుగవలసిన మాటను కట్టిన తరువాత రుసుముగా వసూలు చేయుట యన్నమాట!

అభ్యంతరమునకు మరియొక చిక్కు కలదు. అది స్వతహాగా భూమి గలవాని నోటికి అలవాటైన మాట. ఆంధ్రప్రదేశ్ గెజిట్‌లో ఫలానా సర్వే నెంబరు వ్యవసాయ వినియోగము నుండి నివాస వినియోగమునకు మార్చదలచినాము, పదునైదు దినములలో అభ్యంతరములు తెలుపుడని ప్రకటన పడును. ప్రక్క పొలము ఆసామికి ఆ నెంబరు కంఠపాఠము. అదే ఊరిలో అద్దెకుండు మిల్లు కూలీకి అది అంకె మాత్రమే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము ఇల్లు ఖాళీ చేయించకుండ అతనికి కొంత అండ నిచ్చినది గాని, పటము విషయమున అతనిని పిలిచినది లేదు. తెలుగు 1966లో అధికార భాష అయినది. చట్టముల అధికార పాఠము మాత్రము రాజ్యాంగము ప్రకారము ఆంగ్లముననే నిలిచినది.

ఈ చిక్కు పూర్తిగా బయటపడినది మరల అమరావతి సీమలోనే. 2014 నాటి రాజధాని ప్రాంతాభివృద్ధి చట్టము క్రింద రైతులు ముప్పదివేల ఎకరములకు పైగా సమీకరణకు ఇచ్చినారు. 2016లో మహాప్రణాళిక వెలువడినది. 2022లో చట్టము సవరించి, రాజధాని వెలుపలి పేదలకును అక్కడ ఇండ్లస్థలము లీయుటకు వీలు కల్పించినారు. మందడము, ఐనవోలు, కృష్ణాయపాలెము, కురగల్లు, నిడమర్రు పరిధిలో సుమారు 900 ఎకరములకు ముసాయిదా ప్రకటించి అభ్యంతరములు పిలిచినారు. గ్రామస్థులు వ్యతిరేకముగా వ్రాసియిచ్చినారు. అయినను 2023 మార్చి 21న ఆర్-5 అను నివాస మండలము ఏర్పడినది. మే 17న సుప్రీంకోర్టు, పట్టాలు తుది తీర్పుకు లోబడి యుండునని చెప్పినది. మే 26న పంచినారు. ఆగష్టు 3న హైకోర్టు నిర్మాణములను నిలిపివేసినది.

ఒక పటమును నమ్మి నేల నిచ్చితిమని రైతులు. గూడు లేనివారికి గూడు వలదా అని ప్రభుత్వము. రెండు మాటలును త్రోసివేయదగినవి కావు. పట్టా పుచ్చుకొన్న స్త్రీ ఆ చోట బ్రతుకగలదా, పనికి ఎంత దూరము పోవలెను, బడి యెక్కడ అన్న మాట మాత్రము ఆ వివాదమున మిక్కిలి సన్నగా వినవచ్చినది. గెడ్డిస్ మొట్టమొదట అడుగుమన్నది దానినే.

1992లో ఆమోదించిన డెబ్బది నాలుగవ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములలో మొదటిదిగా చేర్చినది. వార్డు సంఘములను కూడ విధించినది. కాని ఆ విధింపు మూడు లక్షలును, అంతకు మించియు జనాభా గల పట్టణములకే. 2011 జనాభా లెక్కల ప్రకారము చిలకలూరిపేట జనసంఖ్య 1,01,398. అనగా అచ్చటి మిల్లు గోడ ప్రక్కన కాపురమున్నవాడు పలుకదలచిన, అతనికి మిగిలినది గెజిట్ ప్రకటనయు, పదునైదు దినముల గడువును, ఒక తెల్లకాగితమును. ఆ కాగితముపై తన తలుపు నెంబరు, ప్రకటనలోని సర్వే నెంబరు, గోడకును గిడ్డంగికిని నడుమ ఎన్ని అడుగులో వ్రాసి, అందినట్లు రసీదు పుచ్చుకొనవలెను.